పెండ్లికి రావద్దని పిలిచిన అవ్వ

ఆమె పోయిన సంగతి బాన్సువాడలో సగం మందికి మధ్యాహ్నం దాకా తెలియలేదు. తప్పు పూర్తిగా ఆమెదే.

పొద్దున్నే ఆమె చెల్లెలి మనుమడు ఆమె ఫొటో చుట్టూ పువ్వులు పెట్టి, కింద నాలుగు ముక్కలు రాసి, తనకున్న గ్రూపులన్నిటిలో పెట్టాడు. ఒక్కరూ దాన్ని తెరవలేదు. తెరవకపోవడమే కాదు, 'ఇది వైరస్, ఎవరూ నొక్కకండి' అని ఇద్దరు ముగ్గురు కింద హెచ్చరిక రాశారు. ఒకాయనైతే పాపం ఆ పిల్లవాడినే గ్రూపులోంచి తీసిపారేశాడు. ఇదంతా ఆమె దగ్గరుండి నేర్పిన జాగ్రత్తే. చివరికి నేనే దుకాణం షట్టరు దించి, చెప్పులు తొడుక్కుని, గల్లీ గల్లీ తిరిగి చెప్పొచ్చాను. చెప్పిన ప్రతి ఇంట్లోనూ ముందు నా మొహంలోకి నిదానంగా చూశారు, ఆ తర్వాత ఏడ్చారు. వాళ్ళట్లా చూస్తుంటే నాకు దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పిలుపుల అవ్వ అనేవాళ్ళు. మా దిక్కు పెండ్లి పిలుపంటే కార్డు చేతిలో పెట్టి రావడం కాదు. ఇంట్లో ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, రోజూ వేళా చెప్పి, నోరారా రమ్మనాలి. బొట్టు పెట్టకుండా పిలిస్తే అది పిలుపు లెక్కలోకి రాదు. పెండ్లివారింటి ఆడవాళ్ళు ఊరంతా తిరగలేరు గనక తోడుగా ఆమెను తీసుకుపోయేవాళ్ళు. పోనుపోను, తోడు పోవడం మానేసి ఆమెనే పంపడం మొదలుపెట్టారు. పిలుపుల్లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమె బొట్టు పెడితే నుదుటన కుంకుమ, ముక్కుకు తునికాకు వాసన.

చదువు రాదు. అయినా ఒక్క ఇల్లు మరిచిపోయిందని ఎవరూ అనలేదు. బీడీలకు కట్టే దారం ఒకటి తీసుకుని, పిలవాల్సిన ఇంటికొక ముడి వేసుకునేది. అలిగే రకం చుట్టాలుంటే వాళ్ళకు పెద్ద ముడి. పిలిచి బయటికి రాగానే ఆ ముడి విప్పేసేది. పెద్ద ముడి వాళ్ళ ఇంటికి రెండుసార్లు పోయేది. "మొదటిసారి పిలిచేది పెండ్లికి, రెండోసారి పిలిచేది వాళ్ళ అలుక సూడనీకి" అనేది.

గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టే అలవాటు లేదు. "ఇంట్ల మనుషులున్నరా, టీవీ ఒక్కటే ఉన్నదా?" అని అరిచేది. పిలుపు అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అయ్యాక మాత్రం మూడు చెంచాల చక్కెర వేసిన చాయ్ తాగి, ఆ ఇంటి సంగతులన్నీ చెవిలో వేసుకుని కానీ లేచేది కాదు.

ఇంకో గుణం ఉంది. ఎవరేం చెప్పినా నమ్మేది కాదు. ఫలానా బస్సు బందయిందట అంటే "ఎవలు చెప్పిండ్రు? మొకం చూసినవా?" అనేది. చెప్పినవాడి మొహం చూడాలట, చూస్తే తెలుస్తుందట. ఒకసారి నిజంగానే బస్టాండుకు నడిచిపోయి, డ్రైవరు ఎదురుగా నిలబడి అడిగి, ఆయన మొహం చూసి, "నిజమే, బందయింది" అని తిరిగొచ్చింది. అప్పటికి ఆ సంగతి ఊరందరికీ తెలిసి రెండు రోజులైంది. ఆమెకు మాత్రం అప్పుడే బందయింది.

నాకు బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం. దరఖాస్తులు నింపడం, ఫొటోలు తీయడం, ఆన్‌లైన్ పనులు. నాలుగైదేళ్ళ కింద ఫోన్‌లో పంపే పెండ్లికార్డులు చేయడం మొదలుపెట్టాను. పువ్వులు రాలతాయి, సన్నాయి మోగుతుంది, పెండ్లికొడుకూ పెండ్లికూతురూ పక్కపక్కకు జరుగుతారు. దుకాణం ముందు బోర్డు పెట్టాను. రెండోరోజే ఆమె చాట చంకన పెట్టుకుని వచ్చింది.

"గీ బోర్డు మీద ఏం రాసినవు కొడుకా? సదువు."

"ఒక్క నొక్కుతో ఊరంతా పిలుపు."

"మల్ల బొట్టో?"

"కార్డుల్నే బొట్టు బొమ్మ ఉంటది అవ్వా. మెరుస్తది గూడ."

"అంటే ఫోన్ను నొసలుకు రాసుకోవాల్నా?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కాలం మారింది, అందరూ ఫోన్లలోనే పిలుస్తున్నారు, నీకు తెలియదు ఊరుకో అన్నాను. ఆమె బోర్డుకేసి ఇంకోసారి చూసి, "నీ ఫోను గంగల గలువ" అని దీవించి పోయింది.

దానికి బదులు తీర్చుకోవడానికి ఆమెకు నెల పట్టలేదు. ఒక ఇంటివాళ్ళు నా దగ్గరే కార్డు చేయించుకుని, బొట్టు పిలుపులు మానేసి, అందరికీ ఫోన్లో పంపారు. ఆమెది బటన్ల ఫోను. దానిలో కార్డు కనబడదని, ఫోన్ చేసి రమ్మన్నారు. పెండ్లిరోజు సరిగ్గా భోజనాల వేళకు ఆమె నా దుకాణం మెట్టు మీద కూర్చుని, ముందు విస్తరాకు పరిచి, పప్పు వడ్డించే చోట ఆ బటన్ల ఫోను పెట్టుకుంది.

"ఏందవ్వా ఇది?"

"ఫోన్ల పిలిసిండ్రు గద కొడుకా. ఫోన్లనే వడ్డిస్తరేమో అని కూసున్న."

కాసేపటికి ఆటోవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, బీర్కూర్ నుంచి బేరానికొచ్చిన రైతులు, అంతా చుట్టూ చేరారు. ఆమె మాత్రం ఎవరినీ చూడకుండా ఫోనునే చూస్తోంది. ఒకడు "అవ్వా, సిగ్నల్ లేదేమో" అంటే, "అయితే కూర రాంగ ఆలిస్యమైతది" అంది. సంగతి తెలిసి పెండ్లివారింటి ఆడవాళ్ళు ఇద్దరు భరిణె పట్టుకుని పరుగెత్తుకొచ్చి, నా దుకాణం మెట్టు మీదనే ఆమెకు బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. తిని తిరిగొస్తూ నా దగ్గర ఆగింది. "పప్పుల ఉప్పు తక్కువైంది కొడుకా. నీ ఫోన్ల పప్పే నయమేమో" అంది. ఆ నెలంతా నాకు కార్డుల బేరం రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇద్దరికీ పడేది కాదని. కనక ఆ తర్వాత జరిగింది నాకు మరీ సిగ్గుచేటు.

ఆ రోజుల్లో పెండ్లికార్డు పేరుతో దొంగ ఫైళ్ళు వస్తున్నాయి. చూడటానికి కార్డే. కానీ అది ఫొటో కాదు, ఫోన్లోకి చొరబడే యాప్. నొక్కి, అడిగినవాటికల్లా సరే అంటే మన ఫోను మనది కాకుండా పోతుంది. మనకొచ్చే మెసేజీలు వాళ్ళు చదువుతారు, మన పేరుతో మనకు తెలిసినవాళ్ళందరికీ అదే కార్డు పంపుతారు. దుకాణానికి రోజుకొకరు ఫోను పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళు. నేను అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'తెలియని ఫైళ్ళు నొక్కకండి' అని రాసిపెట్టి, వచ్చినవాళ్ళందరికీ క్లాసు పీకేవాణ్ణి. కాస్త ఎక్కువే పీకేవాణ్ణి.

అట్లాంటి నాకు ఒక సోమవారం పొద్దున నాతో చదువుకున్నవాడి నంబరు నుంచి కార్డొచ్చింది. 'మా పెండ్లికి తప్పక రావాలి' అని. వాడికి పెండ్లయి ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. అదంతా నాకు తెలుసు. తెలిసే నొక్కాను. ఎందుకంటే, వీడు రెండోది ఎవరిని చేసుకుంటున్నాడా అని చూడాలి కదా. ఫోను ఏదో అడిగింది, సరే అన్నాను. ఇంకేదో అడిగింది, దానికీ సరే అన్నాను. కార్డు తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాను. నా వెనక అద్దం మీద ఎర్ర అక్షరాలు అట్లాగే ఉన్నాయి.

పావుగంటలో మా మేనమామ ఫోన్.

"ఏందిర, మేనమామకు చెప్పకుంటనే లగ్గం పెట్టుకుంటివా? కార్డుల నా పేరున్నదా లేదా? తెరుస్తున్న, తెరుసుకుంటలేదు."

అప్పుడర్థమైంది. మావాళ్ళు కార్డు తెరిచేది పెండ్లి ఎప్పుడో చూడటానికి కాదు, పిలిచే పెద్దల వరుసలో తమ పేరుందా లేదా, ఉంటే ఎవరి కింద ఉందీ అని. పేరు కనబడేదాకా వదలరు. అందుకే ఒక్కొక్కరు నాలుగేసి సార్లు, ఐదేసి సార్లు నొక్కారు. ఆ దొంగ ఎవడో గానీ, మా చుట్టాల గురించి నాకంటే వాడికే బాగా తెలిసినట్టుంది.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది బీర్కూర్ సంగతి.

అంతకు పన్నెండు రోజుల ముందు బీర్కూర్‌లో ఒక అమ్మాయిని చూసొచ్చాం. అందరి ముందూ నన్నేదైనా అడగమంటే ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది. "దుకాణానికి ముసలోళ్ళు వస్తే నిలబెట్టి పని చేస్తరా, కూసోబెడుతరా?" అప్పటికి దుకాణంలో ఉన్నది నా కుర్చీ ఒక్కటే. తిరిగొచ్చి, మరునాడు పొద్దున్నే నాలుగు కుర్చీలు కొన్నాను. ఆ నాలుగు కుర్చీలు చూసినప్పుడల్లా నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చేది. ఇంకెవరినీ చేసుకోవాలని లేదు. రెండు దిక్కులా ఇష్టపడ్డారు. శుక్రవారం వాళ్ళు మా ఇంటికొచ్చి మాట ఖాయం చేసుకోవాలి. ఇంతలో సోమవారం ఈ కార్డు నా నంబరు నుంచి అమ్మాయి తండ్రికీ పోయింది. మా అమ్మకు ఆయన ఒక్కటే ఫోన్ చేశాడు.

"మా దిక్కు మాట నడుస్తుండంగ ఇంకో దగ్గర పెండ్లా? మా బిడ్డ మీకు ఆటైందా? ఇగ మా గడప తొక్కకుండ్రి."

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోను మూసే ఉంది. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ గుర్తుంది.

ఫోను సంగతి చూసుకున్నాను. అది నాకు చేతనైన పని. డేటా ఆపి, సిమ్ము తీసి, బ్యాంకుకు పోయి లావాదేవీలు ఆపించి, వేరే ఫోను నుంచి పాస్‌వర్డులన్నీ మార్చి, యాప్‌ల వరుసలో బొమ్మా పేరూ లేకుండా దాక్కున్నదాన్ని పట్టి తీసేసి, చివరికి ఫోను మొత్తం తుడిచేశాను. దొంగఫైలు సంగతి ఫిర్యాదు కూడా రాశాను. ఫోను బాగైంది. దుకాణం ఫోను నుంచి అందరికీ 'ఆ కార్డు నేను పంపలేదు, అది వైరస్, నొక్కకండి' అని పెట్టాను. వచ్చిన ఫలితం ఏమంటే, చుట్టాలంతా నా హెచ్చరికనే వైరస్ అనుకుని తీసేసి, కార్డును మాత్రం జాగ్రత్తగా ఉంచుకున్నారు.

సాయంత్రం ఆమె వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, నా బల్ల మీద చాట పెట్టి నిలబడింది. ఎగతాళి చేస్తుందని తల దించుకున్నాను. చేసింది కూడా.

"ఒక్క నొక్కుతోని ఊరంత పిలిచినవట గద."

"పిలిచిన అవ్వా."

"పిల్లెవరు?"

"పిల్ల లేదు."

"పెండ్లి?"

"అదీ లేదు."

"పప్పన్నమన్న ఉన్నదా?"

నాకు నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బీర్కూర్ సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ నా మొహంలోకే చూసింది. అయ్యాక ఒక్క మాట కూడా సానుభూతిగా అనలేదు.

"ఫోన్ల పోయిన మాట ఫోన్ల తిరిగి రాదు కొడుకా. బొట్టు వెట్టి చెప్పాలె. బొట్టు వెట్టించుకున్నోళ్ళు మాట విననని అనరు. ఫికర్ చెయ్యకు. నీ ఫోన్ల ఉన్న పేర్లు సదువు."

దుకాణం కంప్యూటర్‌లో దాచిన పేర్ల పట్టీ తీశాను. ఆమె రొంటిలోంచి దారం తీసింది. నేను చదవడం, ఆమె ముడి వేయడం.

"బోరు మోటరు అన్న."

"ముడి."

"గ్యాసు."

"మనిషి పేరు సదువురా."

"అట్లనే రాసుకున్న అవ్వా."

"సరే, ముడి. ఇగ సదువు."

"మేనమామ."

"పెద్ద ముడి" అంది, దారం పళ్ళతో బిగించి.

చివర్లో ఒక షరతు పెట్టింది. నిజంగా నా పెండ్లి కుదిరినప్పుడు ఒక్క పిలుపు కూడా ఫోన్లో పోకూడదు. ఒప్పుకున్నాను. ఆ క్షణంలో బోర్డు పీకి పొయ్యిలో పెట్టమన్నా పెట్టేవాణ్ణి.

మంగళవారం, బుధవారం మేమిద్దరం ఊరు తిరిగాం. ముందు ఆమె, చేతిలో భరిణె. వెనక నేను, చేతిలో చాట. ప్రతి గుమ్మం ముందు అదే అరుపు, అదే బొట్టు. తర్వాత గొంతు సవరించుకుని అచ్చం పెండ్లి పిలిచినట్టే చెప్పేది.

"బిడ్డా, గీ పిలగాని పెండ్లికి మీరు రాకుండ్రి. ఇంటిల్లిపాది రాకుండ్రి. పిల్లాజెల్లను గూడ తోలియ్యకుండ్రి."

"పెండ్లెప్పుడవ్వా?" అని వాళ్ళు.

"లేదు. ఆ లేని దానికే రావద్దంటున్న."

వాళ్ళు నోరు తెరుచుకుని ఉండగానే చాట ముందుకు తోసేది. "ఎవలెవలు నొక్కిండ్రో ఫోన్లు ఇందుల వెయ్యిండ్రి." బీడీ ఆకు ఏరే చాటలో ఫోన్లు కుప్పగా పడేవి. నేను అరుగు మీద కూర్చుని ఒక్కోదాన్నే శుభ్రం చేసేవాణ్ణి. ఆ లోపల ఆమె చాయ్ తాగుతూ పాఠం చెప్పేది. "ఇగ ఎవలు కార్డు వంపినా ముందుగాల ఫోన్ చేసి గొంతు వినుండ్రి. గొంతుల అనుమానమైతే ఇంటికి వోయి మొకం సూడుండ్రి. ఇంట్ల లేకుంటే ఆ పెండ్లికి పోకున్నా ఏం గాదు." నేను అద్దం మీద ఎర్ర అక్షరాలతో ఏడాది చెప్పింది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె రెండు రోజుల్లో ఊరందరి నుదుటా అద్దింది.

మేనమామ ఒక్కడు సతాయించాడు. కార్డు లేదని చెప్పినా ఆయన బాధ ఆయనది.

"సరే, అది దొంగ కార్డే. అందుల గూడ నా పేరు వెయ్యలేదా?"

"వేసిండ్రు అన్నా. అందరి కన్న పైన వేసిండ్రు. అందుకే బరువుకు తెరుసుకుంటలేదు" అంది ఆమె. మేనమామ శాంతించి ఫోను చాటలో వేశాడు. బయటికొచ్చాక పెద్ద ముడి విప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

గురువారం పొద్దున బీర్కూర్ బస్సెక్కాం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ గడప తొక్కొద్దన్నారు కదా అవ్వా అంటే, "నిన్ను తొక్కద్దన్నరు. నువ్వు బయట నిలవడు" అంది.

బయటే నిలబడ్డాను. గుమ్మానికి ఈ పక్క నేను, ఆ పక్క అమ్మాయి తండ్రి. ఆయన నావైపు చూడలేదు. ఆమె భరిణె తీసి అమ్మాయి తల్లికి బొట్టు పెట్టబోతుంటే, మంచం మీదున్న అమ్మాయి నానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నీ పెనిమిటి ఏడి?"

"భీవండి వోయిండు. మగ్గం పనికి."

"ఎన్నేండ్లాయె?"

"గది ఆయననే అడగాలె."

"ఉన్నడా మరి?"

"లేడని నా మొకం మీద ఎవ్వలు చెప్పలే" అంది ఆమె. అని, ఆ ముసలామె కళ్ళలోకి తిన్నగా చూస్తూ నిలబడింది. మొగుడు పోయిన ఆడది బొట్టు పెట్టకూడదనే ఆ పట్టింపు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆమెను అట్లా అడుగుతుంటే నాకే తల కొట్టేసినట్టయింది. నానమ్మ చెయ్యి తీసింది. ఆమె బొట్టు పెట్టి, ఏమీ జరగనట్టే అసలు మాటలోకి దిగింది.

అమ్మాయి తండ్రి వినలేదు. వైరస్ లేదు గిరస్ లేదు, అంతా నాటకమన్నాడు. కార్డు తన కళ్ళతో చూశానన్నాడు.

"పెండ్లికూతురు పేరేందో చూసినవా?" అంది ఆమె.

"తెరుసుకోలే. ఏడుసార్లు నొక్కిన."

"అయితే చూడలే. ఏది, గిప్పుడు తెరువు, అందరం చూస్తం."

సోమవారం కోపంతో మూసి పడేసిన ఫోనును ఆయన లోపల్నుంచి తెచ్చి, మా అందరి ముందు తెరిచాడు. కార్డు మళ్ళీ నొక్కాడు. ఎనిమిదోసారి. తెరుచుకోలేదు. "వద్దు మామా, డేటా ఆపుండ్రి" అని నేను గుమ్మం బయటి నుంచి అరిచాను. మామ అన్నందుకు ఆయన నన్ను కొరకొరా చూశాడు. అంతలో ఫోను మోగింది. ఆయన కోపంలో ఎక్కడ నొక్కాడో, అవతలి గొంతు ఇల్లంతా వినబడింది. అది ఆయన బామ్మర్ది.

"బావా, మా అక్క ఇంట్ల ఉండంగనే నీకు మల్ల పెండ్లేంది? కార్డు వంపినవు, సిగ్గు లేదా? నా పేరు గూడ వేసినవా అందుల?"

అమ్మాయి తల్లి, కొత్త బొట్టుతో, గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అది పెట్టేయగానే ఇంకోటి. డోంగ్లి నుంచి ఎవరో వడ్ల బేరగాడు, సగం మరాఠీలో, పెద్దమనిషికి శుభాకాంక్షలు చెప్పాడు. మూడోది మోగేసరికి ఆయన ఫోనును తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నావైపు చాచాడు.

"జెర లోపలికి రా. దీని సంగతి చూడు."

అట్లా ఆ గడప తొక్కాను. ఆయన ఫోను శుభ్రం చేస్తుంటే పక్కనే కూర్చుని మెల్లగా, ఎవరికీ వినబడకుండా, "నేనేమన్న అన్నది మనసుల వెట్టుకోకు బిడ్డా" అన్నాడు. ఇంట్లో ఇంకెవరి ఫోన్‌కైనా ఈ కార్డు వచ్చిందా అని అడిగాను. పెండ్లిచూపులనాడు నా నంబరు తీసుకున్నది అమ్మాయి. లోపలి గదిలోంచి వచ్చి, తన ఫోను తెచ్చి చాటలో పెట్టింది. చూశాను. సోమవారం వచ్చిన కార్డు, నా పేరు మీద, ఉన్నది ఉన్నట్టు ఉంది. ఒక్కసారి కూడా నొక్కలేదు. మూడు రోజులుగా ఇంతమంది ఫోన్లు చూశాను, కార్డు వచ్చి తెరవనివాళ్ళు ఒక్కరు కనబడలేదు.

"మీకు ఇట్లాంటి వైరస్‌లు వస్తయని ముందే తెలుసా?" అన్నాను మెచ్చుకోలుగా.

"తెల్వదు."

"మరి ఎందుకు తెరవలేదు?"

అమ్మాయి చాట అంచును గోటితో గీకింది. తర్వాత, నాకు మాత్రమే వినబడేంత గొంతుతో అంది.

"లోపల ఇంకొకళ్ళ పేరుంటదని."

అమ్మాయి ఫోనును ఇటూ అటూ తిప్పాను. నాకు మాత్రమే వినబడిందనుకున్నాను. పక్కనున్న అవ్వ చాయ్ కప్పు కింద పెట్టేసింది. సగం కప్పు చాయ్ వదిలేయడం ఆమె జన్మలో నేను చూసింది ఆ ఒక్కసారే.

శుక్రవారం వస్తామని అమ్మాయి తండ్రి గడప దాకా వచ్చి చెప్పాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నేను గాల్లో తేలుతున్నాను. పెండ్లి గురించి, ఆమె చేయబోయే పిలుపుల గురించి ఏదేదో వాగుతున్నాను. ఆమె వడ్లవైపు చూస్తూ కూర్చుంది. ఏమైందవ్వా అన్నాను.

"నాకు గూడ ఒకటొచ్చిందిర, భీవండికెల్లి. నీలం ఉత్తరం, నాలుగు దిక్కుల అంటిచ్చింది. ఆయన రాత గాదు. ఆయన రాత ఎట్లుంటదో నేను గుర్తు వడుత."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టలే."

"ఏముంది అందుల?"

"చదివియ్యలే."

బస్సు ఎక్కడో ఆగి కదిలింది. ఆ ఉత్తరం ఇప్పుడెక్కడుందని అడిగితే, బియ్యం డబ్బాలో అడుగున ఉందంది. నేను ఎంత తెలివితక్కువవాణ్ణంటే, అప్పుడు కూడా, ఏదో మేలు చేస్తున్నట్టు, "నేను చదివి చెప్తా అవ్వా" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"నీకు ఇంక బుద్ధి రాలేదుర? తెలువనిదాన్ని తెరవద్దని రొండు రోజుల సంది ఊరంత నాతోని చెప్పిస్తివి."

అని భరిణె మూత తీసింది. ఊరందరికీ పెట్టగా అడుగున కొంచెం మిగిలిన కుంకుమను ఉంగరం వేలితో గీకి, బస్సు కుదుపుకు పక్కకు పోకుండా నన్ను భుజం పట్టుకోమని, తన నుదుటన నిండుగా పెట్టుకుంది.